రాతి చేప, ఆరు వేల ఏళ్లు

ముప్పై రెండేళ్లు రాళ్లు కొట్టి బతికాను. మా ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్లే. భూగర్భ శాఖలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా బాపు మగ్గం గుంటలోంచి తలెత్తి, "రాళ్లు గొట్టేటందుకు బీయెస్సీ దాంక సదవాల్నా బిడ్డా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. రాయిని కొట్టడం ఒకటి, రాయిని అడగడం ఒకటి అని ఆయనకు చెప్పేంత తెలివి నాకు అప్పటికి రాలేదు.

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఏ క్యాంపులో ఏం దొరికింది, బొగ్గు ఎంత లోతున తగిలింది అని అడుగుతారు. అవన్నీ రిపోర్టుల్లో ఉన్నాయి. రిపోర్టుల్లోకి ఎక్కనిది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఈ పని నేర్పినవాళ్లు ఇద్దరు. ఒకరు నా పై అధికారి. ఇంకొకరు భూమి పుట్టి ఆరు వేల ఏళ్లేనని గట్టిగా నమ్మిన పల్లెటూరి పాస్టరు. ఆ రెండో ఆయన గురించే ఎక్కువగా రాస్తాను. ఆయన దగ్గర నేర్చుకున్నదీ ఎక్కువే, ఆయన పట్ల నేను చేసిన తప్పూ పెద్దదే.

ఖాద్రీ సాహెబ్

నేను చేరేనాటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. మా పై అధికారి ఖాద్రీ సాహెబ్ పాతకాలపు మనిషి. ఆఫీసులో షేర్వాణీ, క్యాంపులో మోకాళ్ల దాకా ఖాకీ నిక్కరు. నమాజు వేళకు రాతి బండ మీద చాప పరిచి, సర్వే దిక్సూచి పెట్టి దిక్కు సరిచూసుకుని మోకరిల్లేవారు. తర్వాత అదే దిక్సూచితో అదే బండ వాలు కొలిచేవారు. ఈ రెండు పనుల మధ్యా ఆయనకు ఎప్పుడూ పేచీ రాలేదు.

మొదటి రోజే నా చేతిలో ఒక రాయి పెట్టి, ఏమిటది అన్నారు. ఆయన మాట్లాడేది ఉర్దూ, నేను తెలుగులో రాస్తున్నాను. "ఇసుకరాయి సార్, పాత నది వేసింది" అన్నాను గబుక్కున.

"నదిని చూశావా?"

"లేదు సార్."

"మరి చూసింది చెప్పు."

గరుకుగా ఉంది, గింజలు గుండ్రంగా ఉన్నాయి, ఎర్రటి మరక ఉంది అని చెప్పాను. అప్పుడు నోట్‌బుక్కు తెరిచి, ఎడమ పేజీలో కంటికి కనిపించింది రాయమన్నారు, కుడి పేజీలో నాకు తోచింది. ఎడమ పేజీ నిండకుండా కుడి పేజీ ముట్టుకోవద్దన్నారు. చాలా చిన్న పాఠం అనిపించింది. నాలుగేళ్లు తిరక్కుండానే నేను దాన్ని నలుగురి ముందు మరిచిపోయాను.

టవల్లో చుట్టి తెచ్చిన రాయి

యాభై అయిదు చలికాలంలో నన్ను ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు తాలూకాకు పంపారు. ప్రాణహిత ఒడ్డున సున్నపురాయి ఎంత ఉందో, ఎటు వాలి ఉందో పటం గీయాలి. మంచిర్యాల దాకా రైలు, అక్కడినుంచి ఎడ్లబండి. ఊరి పేరు రాయను. ఆ ఊళ్లో వాళ్లు ఇంకా ఉన్నారు.

అక్కడి రాయి చిత్రమైనది. ఒడ్డు కోసుకుపోయిన చోట చూస్తే, పాత పుస్తకం అంచులా సన్నసన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి. ఊరివాళ్లు ఆ పలకలను గునపంతో లేపి పశువుల కొట్టాల్లో పరుచుకునేవారు.

డేరా వేసిన మూడో రోజు పొద్దున్నే ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. తెల్లచొక్కా, మోకాళ్ల కిందికి పంచె, చంకలో టవల్లో చుట్టిన బరువేదో.

"రాళ్ల సారు మీరేనా? గిదేందో జర జూడుండ్రి సారూ" అని టవలు విప్పాడు.

పలక మీద ఒక చేప పడుకుని ఉంది. చేప బొమ్మ కాదు, చేపే. జానెడు పొడవు. పొలుసులు ఒక్కొక్కటి పలకలు పలకలుగా, నల్లటి గాజుకు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. తోక విచ్చుకుని ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది. ఇప్పుడే గాలానికి పడిందా అన్నట్టు. నేను పుస్తకాల్లో ఇలాంటివి చూశాను. అరచేతుల్లో పట్టుకోవడం అదే మొదటిసారి. ఎంతసేపటికీ కింద పెట్టబుద్ధి కాలేదు. ఆ మాట దాచుకోను.

"ఇది నోవహు దినాలల్ల మునిగిన చాప సారూ. జలప్రళయం గీ గుట్టల మీదికెల్లి వోయింది. లేకపోతె రాయిల చాప ఎట్లుంటది?" అన్నాడాయన.

ఆయన పేరు దేవదానం. ఊరి చివరి వాడలో మిషన్ వాళ్ల చిన్న బడి ఉండేది. వారం రోజులు అదే బడి, ఆదివారం అదే ప్రార్థన మందిరం. పంతులూ పాస్టరూ రెండూ ఆయనే. అందరూ అయ్యగారూ అనేవారు. ఆయన్ను చదివించిన దొర డాక్టరు స్వదేశం వెళ్తూ తన ఇంగ్లీషు బైబిలు ఇచ్చిపోయాడట. దాని మొదటి పుట అంచులో, సృష్టి పక్కనే, సన్నటి అక్షరాల్లో ఒక ఏడు అచ్చువేసి ఉంది. క్రీస్తుకు ముందు నాలుగు వేల నాలుగు. ఆదాము దాకా వంశావళులు కూడుకుంటూ వెనక్కి పోతే తేలిన లెక్క, ఇప్పటికి సుమారు ఆరు వేల ఏళ్లు. దేవదానం ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఆ అంకె చెబుతున్నాడు.

"మా బడికి వచ్చి పిల్లలకు రెండు మాటలు చెప్పుండ్రి సారూ. సదువుకున్నోళ్లు మా వాడకు రారు" అన్నాడు. వస్తానన్నాను.

బడిలో నేను మాట్లాడిన మాటలు

నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. ఈ ఒక్క వాక్యంతో చాలా సర్దిచెప్పుకోవచ్చు. కానీ సర్దిచెప్పుకోను.

బడి నిండా పిల్లలు, గుమ్మం దగ్గర వాళ్ల తల్లిదండ్రులు. సున్నపురాయి మీద యాసిడ్ చుక్క వేసి చూపించాను. రాయి బుసబుసమని పొంగింది. "రాయి ఉడుకుతాంది!" అని పిల్లలు కేకలు వేశారు. ఆ కేకలు నా తలకెక్కాయి. వచ్చిన పని అక్కడితో అయిపోయింది. నేను ఆగలేదు.

"గీ రాయిల ఒక్కొక్క పొర ఒక్కొక్క ఏడాది" అన్నాను. "ఒడ్డుకు పోయి చూడుండ్రి ఎన్ని పొరలున్నయో. భూమికి ఆరు వేల ఏండ్లని చెప్పేటోళ్లకు లెక్కలు రావన్నట్టు. మంథనిల పురోహితుడు సంకల్పంల చదివే కల్పం లెక్క కూడ గంతకన్న నయం. అండ్ల కోట్లన్న ఉన్నయి."

గుమ్మం బయట ఆ ఊరి పట్వారీ నిలబడి ఉన్నాడు. సర్కారు మనిషి వచ్చాడని చూడ్డానికి వచ్చాడు. అంతకుముందు ఆ వాడలో అడుగు పెట్టినవాడు కాదు. పెద్దగా నవ్వి, "ఏందిరా దేవదానం, నీ దేవునికి లెక్కలు రావట గదా!" అన్నాడు.

పిల్లల్లో కొందరు నవ్వారు. పెద్దవాళ్లు నేల చూశారు. దేవదానం నన్ను చూడలేదు, పట్వారీని చూడలేదు. వెనక్కి తిరిగి భార్యతో, "సుగుణమ్మా, సారుకు మంచినీళ్లియ్యి" అన్నాడు. అంతే.

నేను ఆ నీళ్లు తాగి, డేరాకు వచ్చి, మంచి పని చేశానన్న తృప్తితో అన్నం తిన్నాను.

ఎవరు చెప్పారు నీకు?

పది రోజుల తర్వాత ఖాద్రీ సాహెబ్ తనిఖీకి వచ్చారు. భోజనాల దగ్గర ఆ కథంతా గొప్పగా చెప్పాను. ఆయన రొట్టె తుంపడం ఆపేశారు.

"ఒక్కో పొర ఒక్కో ఏడాదని ఎవరు చెప్పారు నీకు?"

"చదివాను సార్. చలిదేశాల్లో సరస్సుల అడుగున..."

"ఇది ఆ సరస్సేనా?"

నేను కంచం వైపు చూశాను.

"మంథని పురోహితుడు ఈ పొరలు చూసి చెప్పాడా ఆ కోట్లు?"

"లేదు సార్."

"మరి అంకె పెద్దదైనంత మాత్రాన ఆయన నీ పక్షమైపోయాడా? చూడకుండా చెప్పిన చిన్న అంకెను వెక్కిరించడానికి చూడకుండా చెప్పిన పెద్ద అంకెను తెచ్చావు. నీ కుడి పేజీ నిండిపోయింది రాజేశం. ఎడమ పేజీలో ఏముంది?"

చేయి కడుక్కుని లేచారు. "పద, ఆయన ఇల్లు చూపించు" అన్నారు.

దేవదానం మమ్మల్ని చూసి మంచం వాల్చాడు. ఖాద్రీ సాహెబ్ చెప్పులు విడిచి కూర్చుని, చేపలు ఎక్కడెక్కడ దొరికాయో చెప్పమని అడిగారు. దేవదానం లోపలికి వెళ్లి బడిపిల్లల రూళ్ల పుస్తకం ఒకటి తెచ్చాడు. పదకొండేళ్లుగా ఆ ఊళ్లో పలకలు లేపినప్పుడు దొరికిన ప్రతి చేపా అందులో ఉంది. ఏ గుంటలో, పైనుంచి ఎన్ని మూరల లోతున, తల ఏ దిక్కుకు, పక్కన ఇంకేం ఉన్నాయి అన్నీ. దొరకని రోజుల్లో "ఈ దినం ఏమీ లేదు" అని కూడా రాసి ఉంది.

ఖాద్రీ సాహెబ్ చాలాసేపు పేజీలు తిప్పారు. తర్వాత పుస్తకం నా ఒళ్లో పెట్టి, "చదువు. నీ నోట్‌బుక్కు ఇలా ఉందా?" అన్నారు.

లేదు. ఏమీ దొరకని రోజుల గురించి నేనెప్పుడూ రాయలేదు.

అక్కడే దేవదానాన్ని క్షమాపణ అడిగాను. సుగుణమ్మతో కలిపి నలుగురమే ఉన్నాం. బడిలో అరవై మంది ముందు అన్న మాటకు ఇంట్లో ముగ్గురి ముందు క్షమాపణ. అప్పుడు అది చాలనుకున్నాను.

"మీ మాటకు బాధ గాలె అంటె అబద్ధమైతది సారూ" అన్నాడు దేవదానం. "గని పొరకొక ఏడాదంటిరి గద. ఎండకాలం బడికి సెలవులే. నేను లెక్కవెడ్త."

తుమ్మముల్లుతో లెక్క

నిజంగానే పెట్టాడు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పొద్దున నీడ ఉన్నంతసేపు ఒడ్డు గోడ దగ్గర కూర్చుని, తుమ్మముల్లుతో ఒక్కొక్క పొరా తాకుతూ లెక్కించాడు. నూటికి ఒక బొగ్గు గీత, వెయ్యికి సున్నపు గీత. గోడ అందని చోట నిచ్చెన వేసుకున్నాడు. మధ్యలో నేను వేరే క్యాంపులకు పోయి వస్తుండేవాణ్ని. వచ్చినప్పుడల్లా గీతలు పైకి పోయి ఉండేవి. సుగుణమ్మ సద్దన్నం తెచ్చి నిచ్చెన కింద పెట్టి, "రాయి ఏడికీ పోదు, జర తిని లెక్కవెట్టుండ్రి" అనేది.

జూన్ మొదట్లో నేను వెళ్లేసరికి నిచ్చెన మీదే ఉన్నాడు. "సారూ, ఆరు వేలు దాటినయ్. పైన ఇంక చానా ఉంది" అన్నాడు.

గెలిచాననే అనుకున్నాను. ముఖం మీద కనిపించి ఉంటుంది. ఆయన మెల్లగా దిగి, "జర ఆగుండ్రి, ఇప్పుడే ఖుషీ గాకుండ్రి. వానకాలం పోనియ్యుండ్రి" అన్నాడు.

ఆ వానాకాలం ఆయన ఏటి పక్కన వరదనీళ్లు వచ్చి నిలిచే మడుగులో ఒక బండరాయి పాతాడు. నీళ్లు వచ్చి తగ్గినప్పుడల్లా దాని మీద పడిన ఒండ్రును చూశాడు. చలికాలం నేను రాగానే నన్ను అక్కడికి తీసుకుపోయి, కత్తితో ఒండ్రును నిలువునా కోసి చూపించాడు. సన్నటి పొరలు, ఒకదాని మీద ఒకటి.

"లెక్కవెట్టుండ్రి."

"అయిదు."

"ఒక్క వానకాలమే సారూ. అయిదు మాట్ల వరద వచ్చింది, అయిదు పొరలు వడ్డయ్. ఒక్క ఏడాదికి అయిదైతే, భూమంత మునిగిన వెల్లువకు వేలు గావా? మీ పొరకు ఏడాదని ఎట్లంటరు?"

బీయెస్సీ చదివిన నేను పుస్తకంలోంచి తెచ్చిన మాటను, ఆయన ఒక బండరాయి, ఒక కత్తి పెట్టి పడగొట్టాడు. ఖాద్రీ సాహెబ్‌కు ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. జవాబు రెండు వాక్యాలే వచ్చింది. "చాలా బాగుంది. మీ ఇద్దరిలో జీతం ఎవరికి ఇవ్వాలో ఆలోచిస్తున్నాను."

పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట. ఎదుటివాడి నమ్మకం తప్పైనంత మాత్రాన అతని ప్రశ్న తప్పు కాదు. నాకు పరీక్ష పెట్టిన ప్రశ్నల్లో గట్టిది ఏ ప్రొఫెసరూ అడిగింది కాదు.

నీళ్ల కింద ఎండ

మరుసటి ఎండాకాలం ఊరివాళ్లు కొత్త గుంట తవ్వారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, మా ఆఫీసు బోర్డు మారింది. రాయి మాత్రం అదే. నేనూ దేవదానమూ గుంటలోనే ఉన్నాం. ఒక పెద్ద పలకను నలుగురు మనుషులు గునపాలతో లేపి పక్కకు నెట్టారు.

కింద బయటపడిన పలక నిండా పగుళ్లు. అయిదు మూలలవీ ఆరు మూలలవీ గళ్లు గళ్లుగా, వలలాగా. పగుళ్ల మధ్య వేరే రంగు ఒండ్రు నిండి గట్టిపడి ఉంది.

దేవదానం మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరచేత్తో దుమ్ము తుడిచాడు. ఒక పగులు వెంబడి వేలు పోనిచ్చాడు.

"ఏందయ్యగారూ?"

"కుంట ఎండితె అడుగుకు గిట్లనే పలుగుతది సారూ. సిన్నప్పటిసంది సూస్తున్న. గిది ఎండిన బురద."

గునపం వాళ్లను ఇంకో పలక లేపమన్నాడు. కింద మామూలు పొరలు. ఇంకొకటి. మూరెడు కిందికి పోయాక మళ్లీ పగుళ్లు. ఇంకా కిందికి పోతే మళ్లీ. ఆ గుంటలోనే నాలుగుసార్లు.

"వెల్లువ నీళ్లల్ల మునిగి ఉన్న నేల ఎట్ల ఎండింది?" అన్నాడు. నన్ను అడగడం లేదు. "ఎండింది, పలిగింది. మల్ల నీళ్లొచ్చినయ్, చాపలొచ్చినయ్. మల్ల ఎండింది. నీళ్ల కింద ఎండ తాకదు గద సారూ."

నాకు తట్టని సంగతి అది. నేను ఏడాదిన్నరగా ఆ రాళ్ల వాలు కొలుస్తున్నాను. పగుళ్లు అంతకుముందు ఒకటి రెండు చోట్ల చూసి కూడా 'పగుళ్లు' అని రాసి వదిలేశాను. ఆయన ఒక్క చూపులో వాటిలో ఎండను చూశాడు.

నాలుగో పలక మూలన ఇంకొకటి ఉంది. పగుళ్ల మధ్య నున్నటి చోట శనగగింజంత గుంటలు, వందల కొద్దీ. అంచులు కొంచెం లేచి ఉన్నాయి. అన్నీ ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి.

దేవదానం చిటికెన వేలి కొన ఒక గుంటలో పెట్టాడు. సరిగ్గా పట్టింది.

"వాన" అన్నాడు.

నేనూ పెట్టాను. ఆ క్షణం నాకు ఇప్పటికీ ఒంటి మీద ఉంది. బురద ఆరీ ఆరక ముందు, ఒక మధ్యాహ్నమో సాయంత్రమో, కాసేపు చినుకులు పడ్డాయి. గాలి ఒక పక్కనుంచి వీచింది. అందుకే చినుకులు ఏటవాలుగా దిగాయి. తర్వాత ఎండ కాసింది. తర్వాత నీళ్లు వచ్చి సన్నటి ఒండ్రు దుప్పటిలా కప్పాయి. మనిషి అనేవాడు లేడు. ఆ వాన చప్పుడు విన్న చెవి లేదు. కాసేపట్లో ఆగిపోయిన ఆ జల్లు కోట్ల ఏళ్లు రాతిలో ఆగి, ఇవాళ మా ఇద్దరి వేళ్ల కిందికి వచ్చింది. కొండ చూసినా సముద్రం చూసినా నాకు అంత పెద్దది చూశానన్న భావన కలగలేదు.

గునపం వాళ్లు బీడీలు ముట్టించుకోవడం మరిచిపోయి చూస్తున్నారు. దేవదానం కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధో సంబరమో నాకు తెలియలేదు. అడగలేదు.

దారిలో ఉన్న వెలుగు

ఆ మధ్యాహ్నం బడి వరండాలో కూర్చున్నాం. సుగుణమ్మ అంబలి పోసింది. దేవదానం ఒక్కొక్కటే అడిగాడు.

"గట్లయితే మొత్తం ఎన్నేండ్లు సారూ?"

కొన్ని రాళ్లలో ఒక లోహం తనంతట తాను, ఎవరూ ముట్టకుండా, చాలా నెమ్మదిగా సీసంగా మారుతుందనీ, ఎంత మారిందో తూచి వయసు కడతారనీ చెప్పాను. భూమికి నాలుగు వందల యాభై కోట్ల ఏళ్లని తేల్చారన్నాను.

"మీరు తూచిండ్రా?"

ఈసారి జాగ్రత్తపడ్డాను. "నేను తూచలే. తూచినోళ్లు ఎట్ల తూచిండ్రో మొత్తం రాసివెట్టిండ్రు. ఎవలన్న మల్ల తూచి తప్పని సూపెట్టచ్చు. సూపెడితె అంకె మార్చుకోవాల్సిందే."

ఆయన తల ఊపాడు. ఆ జవాబు నచ్చింది. "మరి సుక్కలు?"

సూర్యుడి వెలుగు మన దగ్గరికి రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందన్నాను. కొన్ని చుక్కల వెలుగు బయల్దేరి వేల ఏళ్లు, ఇంకా దూరపు చుక్కల గుంపులది లక్షల ఏళ్లు అయిందన్నాను. గిన్నె కింద పెట్టేశాడు.

"దేవుడు తలుసుకుంటె వెలుగును సగం తొవ్వలనే పుట్టియ్యడా?"

ఆయనే చాలాసేపు ఆలోచించాడు. పెరట్లో కోడి అరిచింది. చివరికి తనే అన్నాడు: "పుట్టియ్యచ్చు. గని గట్లయితే ఎన్నడు జరగని ముచ్చటను జరిగినట్టు సూపెట్టినట్టే గద. పడని వానకు గుంటలు పొడిసినట్టు. ఆయన అబద్ధమాడడు సారూ."

తర్వాత నన్ను పట్టుకున్నాడు. "భూమికి ముందు ఏముండె? దానికి ముందు?"

వాయువు, దుమ్ము, మబ్బుల్లాంటివి దగ్గరికి చేరి సూర్యుడూ భూమీ అయ్యాయంటారని చెప్పాను. అంతకు ముందు అని అడిగితే, పండితుల్లోనే రెండు వర్గాలున్నాయని ఒప్పుకున్నాను. అన్నీ ఒకప్పుడు ఒక్కచోటి నుంచి మొదలై విడిపోతున్నాయని కొందరు. మొదలే లేదు, ఎప్పుడూ ఇలాగే ఉందని ఇంకొందరు. ఆ రోజుల్లో అది నిజంగానే తేలలేదు.

దేవదానం ముఖం వెలిగిపోయింది. ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వాడు. "అంటె 'ఆదియందు' అన్న మాట కాడ మీ వాళ్లకు కూడ ఇంక పంచాయితి తెగలేదన్నట్టు!"

"తెగలే అయ్యగారూ."

"తెగినంక నాకు చెప్పుండ్రి" అని అంబలి గిన్నె ఎత్తాడు.

ఆదివారం

తర్వాతి ఆదివారం నన్ను రమ్మన్నాడు. వెనక వరసలో కూర్చున్నాను. పాటలు, ప్రార్థన అయ్యాక దేవదానం ఆ ఇంగ్లీషు బైబిలు పైకెత్తి అంచు చూపించాడు.

"గీ అంకె దేవుని మాట గాదు. ఎవలో మనిషి కూడిక చేసి అంచుకు అచ్చేసిండు. నేను అక్షరానికి, అంచుకు ఫరక్ దెల్వక ఇరవై ఏండ్లు మీకు గిదే చెప్పిన. పిల్లలతోని కంఠస్థం చేయించిన. గా అంకె ఇయ్యాల వాపస్ తీస్కుంటున్న. ఎన్నేండ్లో నాకు దెల్వది. చానా ఏండ్లు. మనకు అందనన్ని. దేవుడు చేసిండు అన్న మాట మాత్రం నేను వాపస్ తీస్కోను."

ముందు వరసలో ఒక సంఘపెద్ద లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఇంకో ఇద్దరు ఆయన వెంట నడిచారు. దేవదానం బైబిలు చేత్తో పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. అప్పుడు సుగుణమ్మ ఆడవాళ్ల మధ్యలోంచి పాట ఎత్తుకుంది. ఒక్కొక్కరే అందుకున్నారు.

విజ్ఞానం కోసం ధైర్యం చేసినవాళ్ల కథలు చాలా చదివాను. నా కళ్లతో చూసింది ఇదొక్కటే. చేసినవాడు విజ్ఞాని కాదు.

దానికి ఆయన ధర చెల్లించాడు. ఫిర్యాదు మిషన్ పెద్దల దాకా వెళ్లింది. ఏడాది తిరక్కుండా బడి ఇంకొకరికి అప్పగించి, ఆయన్ను కరీంనగర్ దగ్గరి ఒక బడికి పంపారు. ప్రసంగం చేయొద్దన్నారు, పిల్లలకు ఎక్కాలు చెబితే చాలన్నారు.

ఇప్పుడు నా సంగతి. ఆయన తన తప్పును ఎవరి ముందు చెప్పాడో వాళ్ల ముందే దిద్దుకున్నాడు. 'పొరకొక ఏడాది' అన్నది నా తప్పు. అరవై మంది పిల్లల ముందు అన్నాను. ఆ ఆదివారం ఆ పిల్లలంతా నా ముందే కూర్చుని ఉన్నారు. లేచి, నేను చెప్పింది కూడా తప్పే, మీ అయ్యగారే దాన్ని పట్టుకున్నారు అని చెబితే ఆయనకు ఎంత ఆసరా అయ్యేదో. నేను లేవలేదు. ఇంకో రోజు చెబుదామనుకున్నాను. ఆ ఇంకో రోజుకు క్యాంపు ఎత్తేశాం. రిపోర్టులో మాత్రం 'పొరలు వార్షికాలని చెప్పలేం' అని శుభ్రంగా రాశాను. రిపోర్టు ఆ పిల్లలు చదవరు.

కరీంనగర్‌లో

పదేళ్లు గడిచాక, అరవై ఏడులో, పని మీద కరీంనగర్ వెళ్లినప్పుడు వెతుక్కుంటూ పోయాను. బడి ఊరి బయట గుట్ట కింద ఉంది. దేవదానం జుట్టంతా తెల్లబడింది. ఎడమకంటికి శుక్లం వచ్చింది. గొంతు విని గుర్తుపట్టాడు.

"రాళ్ల సారా? రాండ్రి, రాండ్రి! పంచాయితి తెగిందా?"

నవ్వాను. తెగేటట్టే ఉందని చెప్పాను. రేడియో ఏరియల్‌ను ఆకాశంలో ఎటు తిప్పినా ఒకేలా వినిపించే సన్నటి రొద ఒకటి దొరికిందనీ, అది మొదలు నాటి వేడిలో మిగిలిందని చాలామంది అంటున్నారనీ, మొదలు ఉందన్నవాళ్ల వైపే మొగ్గుతున్నదనీ పేపర్లలో చదివింది చదివినట్టు చెప్పాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని చిన్నపిల్లాడిలా విన్నాడు. "ఇంకా వినవస్తాందా? ఇప్పటికీ?" అని మూడుసార్లు అడిగాడు.

అప్పుడు చెప్పాను, ఆ ఆదివారం నేను లేవకపోవడం గురించి. పదేళ్లు మోసిన మాట. ఆయన ఓదారుస్తాడనుకున్నాను. ఓదార్చలేదు.

"అవును సారూ. నేను మీ దిక్కు చూసిన గా దినం" అన్నాడు.

తర్వాత ఆయన చేతికర్ర అందుకుని లేచాడు. "గా పిల్లలు ఇప్పుడు పెద్దోళ్లయి ఎటెటో పోయిండ్రు. వాళ్లకు చెప్పలేం. గీళ్లకన్న చెప్పుండ్రి. నాలుగో తరగతి ఉన్నది, రాండ్రి."

ముప్పై మంది పిల్లలు లేచి నిలబడి దండం పెట్టారు. ఒకప్పుడు నేను చూడకుండా ఒక మాట చెప్పాననీ, మీ పంతులుగారు ఏటి ఒడ్డున కూర్చుని అది తప్పని చూపించారనీ, తర్వాత తన లెక్కను కూడా తనే తప్పని చూపించుకున్నారనీ చెప్పాను. దేవదానం తలుపు దగ్గర కర్ర మీద బరువు మోపి నిలబడి ఉన్నాడు. చుక్కల గురించి, వెలుగు గురించి, అన్నిటికీ మొదలైన ఆ వేడి గురించి నాకు చేతనైనట్టు చెప్పాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు.

రెండో వరసలోంచి ఒక ఆడపిల్ల చెయ్యెత్తింది. "సారూ, గదంత అయినప్పుడు ఎవలు చూసిండ్రు?"

"ఎవ్వరు లేరమ్మా" అన్నాను నేను.

"దేవుడు" అన్నాడు దేవదానం.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. పిల్లలు ఒకసారి నా వైపు, ఒకసారి ఆయన వైపు చూశారు. ఎవరిని నమ్మాలో తెలియలేదు. ముందు దేవదానం నవ్వాడు. తర్వాత నాకు ఆగలేదు. ఆ తర్వాత తరగతి తరగతంతా, ఎందుకో తెలియకుండానే, నవ్వడం మొదలుపెట్టింది.